సూరి జుత్తుకు సర్కారు కొలువు

మా సూరికి గవర్నమెంటు ఉద్యోగం డెబ్బై మూడో ఏట వచ్చింది. ఆలస్యమేమీ కాలేదని ఆర్డరు తెచ్చిన అధికారి అన్నాడు. వాళ్ళ శాఖలో ఫైళ్ళు కదిలే తీరు చూస్తే ఇది తొందరపాటు కిందకే వస్తుందట.

పూర్తి పేరు గంటేడ అప్పలసూరి. మాది భీమిలి. నేను గౌరునాయుణ్ణి, వాడి పక్కింటివాణ్ణి, ఒకప్పుడు వాడి పాటకు డోలు వాయించినవాణ్ణి. ఈ రెండో సంగతి ఎవరికీ గుర్తులేదు గనక నేనే చెప్పుకోవాలి.

ముందు సూరి జుత్తు గురించి చెప్పాలి. వాడు బీయే పాసైన ఏడాది వాళ్ళమ్మ సత్తెమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. కొడుక్కి సర్కారు ఉద్యోగం వస్తే వాడి తలనీలాలు ఇప్పిస్తానని. ఆ రోజు నుంచీ వాడి తల మీద కత్తెర పడలేదు. ఉద్యోగం రాలేదు గానీ జుత్తు వచ్చింది. చెవులు దాటింది, భుజాలు దాటింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలోకి హిప్పీలు దిగారు. గోవా నుంచి పూరీకి పోతూ మా సముద్రపొడ్డున ఆగిన గుంపొకటి సూరిని చూసి, వీడెవడో తమకంటే సీనియరనుకుని దణ్ణం పెట్టింది. అందులో ఒక జర్మనీ కుర్రాడు జ్వరంతో పడిపోతే సత్తెమ్మ చోడంబలి కాచి పోసి బతికించింది. వాడు పోతూ పోతూ తన గిటారు ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి పోయాడు.

సూరి ఆ గిటారు మీద మా తప్పెటగుళ్ళవాళ్ళ పాటలు పలికించాడు. నేను డోలు భుజానికి తగిలించుకున్నాను. అలా 'గాలివాన' బృందం పుట్టింది. దాన్ని ఫోక్ రాక్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత పేపర్లో చదివితే తెలిసింది. అప్పట్లో మేము 'సూరిగాడి పాట' అనేవాళ్ళం, అంతే.

డెబ్బై రెండులో మద్రాసు వెళ్ళి ఒక రికార్డు ఇచ్చి వచ్చాం. 'జీడితోటలో గాలేసింది' అనే పాట. అట్ట మీద సూరి ఫొటో వేశారు. బెల్‌బాటం ప్యాంటు, గాలికెగిరే జుత్తు, మూసిన కళ్ళు. ఒక మూల నా కుడిచెయ్యి కూడా పడింది, మణికట్టు దాకా. మిగిలిన నన్ను ఫొటోగ్రాఫరు అనవసరమనుకున్నాడు. కాలేజీ వార్షికోత్సవాలకు పిలిచారు, క్లబ్బులకు పిలిచారు. సూరి స్టేజీ ఎక్కి తల విదిలిస్తే చాలు, పిల్లలు ఈలలేసి చచ్చిపోయేవాళ్ళు. ముందు వరసలో కూర్చున్న సత్తెమ్మ మాత్రం ఆ జుత్తు చూసి కొంగుతో కళ్ళొత్తుకునేది. లోకానికి అది ఫ్యాషను. ఆవిడకు అది కొడుకు నిరుద్యోగం, ఏటేటా పెరుగుతూ కళ్ళెదుట వేలాడుతున్నది.

సూరి ఉద్యోగాలకు తిరక్కపోలేదు. పరీక్షలు రాసేవాడు, పాసయ్యేవాడు. ఇంటర్వ్యూలో పెద్దమనుషులు మార్కులు చూడకముందే జుత్తు చూసేవారు.

"నువ్వు హిప్పీవా?"

"కాదండీ. ఇది మొక్కండీ."

"ముందు క్షవరం చేయించుకుని రావయ్యా, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం."

"ముందు ఉద్యోగం ఇప్పించండి బాబూ, ఆ సాయంత్రమే చేయించుకుంటాను."

ఇలా పాతికేళ్ళు గడిచాయి. జుత్తుందని ఉద్యోగం రాలేదు, ఉద్యోగం రాలేదని జుత్తు పోలేదు. నాకు పోర్టులో కలాసీ పని దొరికింది. సూరి ఐసు ఫ్యాక్టరీలో చేరి, సాయంత్రాలు ఒడ్డున కూర్చుని పాడుకునేవాడు. సత్తెమ్మ పోయేముందు కోడలు నూకరత్నం చెయ్యి పట్టుకుని, "అప్పన్న మొక్కు ఉండిపోనాదే. ఆడికి జాబొస్తే మర్సిపోకండే" అంది. ప్రాణం పోయేటప్పుడు కూడా ఆవిడ 'వస్తే' అంది గానీ 'రాలేదు' అనలేదు. అదే సూరిని తినేసింది.

ఇక ఈమధ్య సంగతి. రాష్ట్రానికి వారసత్వ జ్వరం పట్టుకుంది. కోటలకూ గుళ్ళకూ శాఖలున్నాయి గానీ మనుషులకు లేదని ఎవరో ఒక సభలో బాధపడ్డారట. వెంటనే సజీవ వారసత్వ సంరక్షణ మండలి వెలిసింది. అదే సమయానికి పట్నంలో ఎవరో పాత సామాన్ల కొట్టులో మా రికార్డు దొరకబుచ్చుకుని సెల్‌ఫోన్లలోకి ఎక్కించాడు. మా మనవల వయసువాళ్ళు దాన్ని విని వెర్రెత్తిపోయారు. మండలికి ఒక మనిషి కావాలి, సూరి దొరికాడు.

ఒకరోజు పొద్దున్నే జీపు వచ్చి ఆగింది. మండలి సంచాలకులు పరాంకుశరావు గారు దిగారు. ఒత్తయిన క్రాపు, జేబులో దువ్వెన. నిలబడే చదవడం మొదలుపెట్టారు.

"శ్రీ గంటేడ అప్పలసూరి గారిని రాష్ట్ర రక్షిత సజీవ స్మారకముగా ప్రకటించడమైనది. వారి యథాతథ స్థితికి ఎట్టి భంగమూ వాటిల్లకుండా చూచు బాధ్యత ఇకపై మండలి వహించును."

నూకరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అంటే ఏటి బావూ? ఈయనకి జాబొచ్చినట్టేనా?"

"ఉద్యోగమే అమ్మా. పోస్టు పేరు 'స్మారకం, రెండో శ్రేణి'. జీతం, సెలవులు, సర్వీసు పుస్తకం, అన్నీ నిబంధనల మేరకు వర్తించును."

ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. గోడ మీద అత్తగారి ఫొటో చూస్తూ, "అత్తా! వొచ్చీసిందే! నీ కొడుక్కి సర్కారు జాబొచ్చీసిందే!" అని బావురుమంది. సూరి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పరాంకుశరావు గారు మాత్రం ఆ కళ్ళజోడు వైపు అనుమానంగా చూశారు.

ఆ చూపు అర్థం వారానికి తెలిసింది. స్మారకాన్ని అసలు స్థితిలో ఉంచాలి గదా, అసలు స్థితి అంటే ఏది? నిపుణులు కూర్చుని, రికార్డు అట్ట మీద ఉన్నదే అసలు స్థితి అని తేల్చారు. అట్ట మీద లేనిదంతా తర్వాతి చేర్పు. కాబట్టి తెల్లజుత్తుకు నల్లరంగు వేశారు. దర్జీని పిలిపించి బెల్‌బాటం కుట్టించారు. కళ్ళజోడు తీసేశారు. సందర్శకుల వేళల్లో కళ్ళు మూసుకునే ఉండాలి గనక కళ్ళజోడు ఎలాగూ అక్కర్లేదని నిపుణులు రాశారు. జుత్తు ఎగరాలి గనక ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టారు. కరెంటు పోతే విసరడానికి ఒక అటెండరును వేశారు. సూరికి రొంప పట్టింది. తుమ్ము అట్ట మీద లేదు కాబట్టి దానికి అనుమతి కావాలన్నారు.

నూకరత్నాన్ని సూరి పెళ్ళాడింది డెబ్బై అయిదులో. అందుచేత ఆవిడ అనంతర నిర్మాణం.

"నేను నిర్మాణవేటి బావూ? ఈ ఇంట్లో నలభై ఏడేళ్ళ నుంచీ వొండుతున్నాను."

"వండండి అమ్మా, మండలికి అభ్యంతరం లేదు. సందర్శకుల కంట పడకుండా వండండి. పొగ కూడా వెనక వైపుకు పోవాలి."

నన్నూ వదల్లేదు. నా కుడిచెయ్యి అట్ట మీద ఉంది గనక మణికట్టు వరకు రక్షిత సంపద. మిగిలిన నేను ఆక్రమణ. ఆ చేత్తో వలలాగడం, కొబ్బరికాయ కొట్టడం నిషేధం. మా ఆవిడ నాకు బజారు పని చెప్పినప్పుడల్లా ఆ కాగితం చూపిస్తూ వచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు జరిగిన మేలు అదొక్కటే. ఏభై ఏళ్ళ తర్వాత నా చేతికైనా గుర్తింపు వచ్చింది గదా అని లోపల కొంచెం పొంగానని కూడా చెప్పాలి.

సూరి ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఉద్యోగం ఉద్యోగమే. మొదటి నెల జీతం రాగానే నూకరత్నం శనివారం చూసింది.

"మావా, కొండకెళ్దాం. అత్త మొక్కు తీర్చీసి వొద్దాం."

సూరి పద్ధతి ప్రకారం సెలవు కోసం దరఖాస్తు పెట్టాడు. కారణం అన్నచోట 'తలనీలాలు సమర్పించుటకు' అని రాశాడు. అది అందిన గంటకు పరాంకుశరావు గారు చెమటలు కక్కుతూ దిగారు.

"ఏమిటండీ ఇది! కూల్చివేతకు అనుమతి అడుగుతారా?"

"కూల్చివేత కాదు సార్. గుండు."

"మండలి పరిభాషలో రెండూ ఒకటే. మీ జుత్తు స్మారకంలో ప్రధాన గోపురం. గోపురం తీసేస్తే ఇక కింద మిగిలేదేమిటి?"

సూరి చాలా ఓపికగా మొత్తం చెప్పాడు. అమ్మ మొక్కు, ఇంటర్వ్యూలు, పాతికేళ్ళ తిరుగుడు. ఉద్యోగం వచ్చింది కాబట్టి జుత్తు పోవాలి. పరాంకుశరావు గారు తలాడిస్తూ విన్నారు.

"బాగుంది. కానీ ఉద్యోగం వచ్చింది మీకు కాదు, జుత్తుకు. అది లేనినాడు పోస్టు లేదు."

"అయితే రాజీనామా చేస్తాను సార్."

"స్మారకాలు రాజీనామా చేయవండీ. గోల్కొండ కోట చేసిందా? చార్మినార్ ఎన్నడైనా వంట్లో బాగోలేదని సెలవు పెట్టిందా?"

లోపల్నుంచి నూకరత్నం అంది. "రాజీనామా సేస్తే జాబు నేదన్నట్టే గదా మావా. జాబు నేకపోతే అత్త మొక్కు తీరనట్టే గదా."

అదీ అసలు చిక్కు. ఉద్యోగం ఉంటే గుండు చేయించాలి. గుండు చేయిస్తే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే ఆ గుండుకు అర్థం లేదు. ఒకప్పుడు జుత్తుందని గడప తొక్కనివ్వని సర్కారు ఇప్పుడు జుత్తు పోతుందని గడప దాటనివ్వడం లేదు. ఆ పూట సూరి అన్నం ముట్టలేదు. "మా అమ్మని రెండోసారి చంపుతున్నార్రా గౌరూ" అన్నాడు. వాడు అంత మాట అనగా నేనెప్పుడూ వినలేదు. నా రక్షిత చేత్తో వాడి వీపు నిమిరాను.

మండలి మాత్రం నిద్రపోలేదు. ఉపసంఘం వేసింది. మొక్కుబడుల సాంకేతిక అంశాలపై నివేదిక కోరింది. ఒక సభ్యుడు మూడు కత్తెర్లిచ్చి సరిపెట్టమన్నాడు. అది మండలి అనుమతి లేని పాక్షిక విధ్వంసమని ఇంకో సభ్యుడు అడ్డుపడ్డాడు. జుత్తుకు అచ్చు పోసి నకలు తయారుచేసి, ఆ నకలును దేవుడికిచ్చి అసలును ఉంచుకుందామని మూడో ఆయన అన్నాడు. దేవుడు పోల్చుకుంటాడేమోనన్న సందేహంతో దాన్ని పక్కన పెట్టారు. చివరికి అందరూ కలిసి సూరి ఇంటికే విచారణకు వచ్చారు. అప్పుడు అనంతర నిర్మాణం వంటింట్లోంచి బయటికొచ్చి వాళ్ళ ఎదురుగా నిలబడింది.

"జుత్తు ఎవులిది బావూ?"

"రాష్ట్రానిది" అన్నారు పరాంకుశరావు గారు, దువ్వెన బయటికి తీస్తూ.

"మా ఆయనది కాదు గదా?"

"ఎంతమాత్రం కాదు. ప్రకటన వెలువడిన నాటి నుంచి సమస్త హక్కులూ మండలివే."

"మరైతే దాని మీదున్న మొక్కు కూడా మీదే. మీరే తీర్చండి."

కుర్చీలు కదిలాయి. న్యాయ సలహాదారు కళ్ళు మూసుకుని, ఆస్తిని స్వాధీనపరచుకొన్నవారు దానిపై గల భారములను సైతం వహించవలెనని గొణిగాడు. నూకరత్నం ఆయనకు ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది. మొక్కు సర్కారుదేనని తీర్మానం అయిపోయింది. ఇక ఎవరి తల అన్నదే మిగిలింది.

ఫైలు పైకి వెళ్ళింది. పైవారు కింది స్థాయిలో పరిష్కరించదగ్గ విషయమని కిందికి పంపారు. కిందివారు ఇంతటి గౌరవానికి తాము తగమని వినయంగా పైకి పంపారు. అటెండరు తనకు ముందే బట్టతల అని నిరూపించుకుని బయటపడ్డాడు. తీరా చూస్తే ప్రకటనలోనే ఒక ముక్క ఉంది, 'స్మారకమునకు సంరక్షకులు: సంచాలకులు' అని. అది రాసుకున్నది పరాంకుశరావు గారే, పేరు కోసం.

ఆయన్ని సన్నాయి మేళంతో సింహాచలం కొండెక్కించారు. రాష్ట్రం తరఫున గుండు చేయించుకున్న మొదటి అధికారి అని పేపర్లలో ఫొటో వేశారు. దిగేటప్పుడు అలవాటుగా దువ్వెన తీసి, ఒక క్షణం దాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. అప్పుడు మాత్రం నాకు ఆయన మీద జాలేసింది. నూకరత్నం కూడా ఆ మేళంతోనే కొండెక్కింది. గుళ్ళో చాలాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా దిగి వచ్చింది.

"మొక్కు సంపూర్ణముగా తీరినది. ఇక స్మారకం నిశ్చింతగా ఉండవచ్చును" అని గుండు నిమురుకుంటూ ప్రకటించారు పరాంకుశరావు గారు.

స్మారకానికి నిశ్చింత ఎక్కడిది? సూరి అద్దం ముందు నిలబడి, నల్లరంగేసిన ఆ జుత్తుని పిడికిట పట్టుకుని లాక్కున్నాడు. "అమ్మ మొక్కింది నా తల గదరా. ఆయన తలతో అమ్మకేం పని?" అన్నాడు. పాట కూడా మానేశాడు. ఫ్యాను ముందు కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. సందర్శకులు అచ్చం అట్ట మీద ఉన్నట్టే ఉన్నాడని మెచ్చుకుని పోయేవారు. మూసిన రెప్పల కిందనుంచి కారే నీళ్ళు ఫ్యాను గాలికి ఆరిపోయేవి.

అలా కొన్నాళ్ళు గడిచాక ఆడిట్‌వాళ్ళు దిగారు. వాళ్ళకు పాటా తెలీదు, జుత్తూ తెలీదు. సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ ఒక్కటే చూశారు.

"పదవీ విరమణ వయస్సు అరవై రెండు. వీరు ఉద్యోగంలో చేరక పూర్వమే పదవీ విరమణ పొందియున్నారు. ఇదెట్లు సంభవము?"

"స్మారకాలకు వయోపరిమితి ఉండదు" అన్నారు పరాంకుశరావు గారు. ఆయన నెత్తిన అప్పుడప్పుడే గరుకుగా మొలుస్తోంది.

"అట్లయిన జీతమెట్లు ఇచ్చితిరి? స్మారకమైన జీతముండరాదు. ఉద్యోగియైన ఈ వయసుండరాదు. ఏదో ఒకటి తేల్చుడు."

మండలి అత్యవసరంగా సమావేశమై తేల్చింది. నియామకం మొదటినుంచీ చెల్లదు. సూరి ఏనాడూ ఉద్యోగి కాడు. ఉద్యోగి కాని వ్యక్తి మండలి అధీనంలో ఉండడానికి వీల్లేదు గనక స్మారకమూ కాడు. ఫ్యాను పట్టుకుపోయారు, బెల్‌బాటం పట్టుకుపోయారు. నా చేతికిచ్చిన రక్షణ కూడా ఎత్తేశారు. అదేరోజు మా ఆవిడ సంచీ ఇచ్చి బజారుకు పంపింది. పరాంకుశరావు గారు వెళ్ళేముందు సూరి చేతులు పట్టుకుని, "మరి నా గుండు?" అని చాలా చిన్న గొంతుతో అడిగారు. ఆ ప్రశ్నకు జవాబిచ్చే శాఖ ఏదీ లేదు.

సూరి అరుగు మీద కూర్చుండిపోయాడు. కళ్ళజోడు పెట్టుకున్నాక వాడు మళ్ళీ డెబ్బై మూడేళ్ళవాడిలా కనపడ్డాడు.

"అయిపోయింది రత్నం. నాకు ఉద్యోగం ఎప్పుడూ రాలేదట. రాసిచ్చారు. ఇంక అమ్మ మొక్కు ఈ జన్మకి తీరదు."

నూకరత్నం లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో కొబ్బరికాయ.

"లే మావా. కొండకెళ్దాం."

"ఎందుకే? ఉద్యోగం లేదంటుంటే!"

"అందుకే. ఆ గుండు బావుతో కొండెక్కినప్పుడు నేనూ ఒక మొక్కు మొక్కీసినాను. అప్పన్నా, ఈ జాబు పోగొట్టీ సామీ, మా మావ తలనీలాలు నీకిప్పిస్తానని. అత్త మొక్కు అప్పన్న యాభయ్యేళ్ళు ఇన్లేదు. నా మొక్కు ఇట్టే ఇన్నాడు. ఇంక ఆలీసం సెయ్యకూడదు."

సూరి ఆవిడ వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. మండలి వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. ముగ్గురం ఆటో ఎక్కాం.

కొండ మీద మంగలి సూరి జడ విప్పి, నీళ్ళు చల్లుతూ ఆశ్చర్యపోయాడు. "ఎన్నాళ్ళ మొక్కు తాతా ఇది? మనవడికి జాబొచ్చిందా?"

"లేదు బాబూ. నాకు పోయింది."

అతను కత్తి ఆపి మా ముఖాలు చూశాడు. "జాబు పోతే కూడా ఇస్తారేటి?"

"నువ్వు కానియ్యి బావూ" అంది నూకరత్నం.

రంగేసిన జుత్తు పాయలు పాయలుగా రాలింది. కుదుళ్ళ దగ్గర మళ్ళీ మొలిచిన తెలుపూ దాంతోపాటే రాలింది. సూరి కళ్ళు మూసుకుని ఏదో సన్నగా కూనిరాగం తీశాడు. అది పాత పాట కాదు. నేనెప్పుడూ వినని పాట. నాకు తెలియకుండానే పక్కనున్న బిందె మీద చెయ్యి వేసి దరువు అందుకున్నాను. అంతా అయ్యాక వాడు రెండు చేతులతో గుండు తడుముకున్నాడు. ఇటు చెవి నుంచి అటు చెవి దాకా, నమ్మకం కలగనట్టు. గంధం పూయించుకుని, మెట్ల మీద నిలబడి కొండ కిందికి చూశాడు.

"ఒరే గౌరూ, ఇప్పుడు అమ్మ చూస్తే నాకు ఉద్యోగం వచ్చిందనుకుంటుందిరా."

నూకరత్నం కొంగుతో వాడి తల మీది గంధం సరిచేసింది.

"అనుకోనియ్యి మావా" అంది.